హర్లింగ్ వాళ్ళ ఆటే, అయినా మన పిల్లలు ఆడాలి

2025 ఆగస్టులో మా ప్రాంతపు తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ చిన్న ప్రశ్న అడిగారు. వాళ్ళ పాప బడిలో కమోగీ, అంటే కర్రా బంతితో ఆడే హర్లింగ్‌లో అమ్మాయిల ఆట, ఆడిందట, బాగా నచ్చిందట, దగ్గర్లో ఏ క్లబ్బులో చేర్పిస్తే బాగుంటుందని. కాసేపటికే ఒకాయన జవాబు పెట్టారు. "అక్కా, అది వాళ్ళ ఆట. ఎంత ఆడినా మనల్ని వాళ్ళలో కలుపుకోరు. పాపని క్రికెట్‌లో వెయ్యండి, కనీసం మనవాళ్ళుంటారు." ఆ మాటకి చాలామంది సరేనన్నారు.

ఆ వేసవి ఎలా గడిచిందో డబ్లిన్‌లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి, రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది, ఇండియా డే వేడుక వాయిదా పడింది. చీకటి పడ్డాక పార్కు దారిలో నడవొద్దని ఇంటింటా చెప్పుకున్నాం. ఆ టెన్షన్‌లో రాసిన మాట అది. అందులోని బాధ నాకు తెలుసు కాబట్టి గ్రూపులో వాదించలేదు. కానీ ఆ బాధ నుంచి ఆయన తేల్చిన సంగతి తప్పని నాకు గట్టిగా అనిపించింది. ఎందుకు తప్పో తీరిగ్గా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, "అది వాళ్ళ ఆట" అన్న మాట నిజమే. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ లాంటి ఐరిష్ ఆటలని నడిపే జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) మామూలు క్రీడా సంఘం కాదు. 32 కౌంటీల ఐర్లండ్‌లో జాతీయ అస్తిత్వాన్ని బలపరచడమే తన మూల ఉద్దేశమని దాని నియమావళిలో రాసుకుంది. 32 అన్నప్పుడు ఉత్తరాన బ్రిటన్ పాలనలో ఉన్న ఆరు కౌంటీలనూ కలుపుకునే అంటుంది. ఐరిష్ భాషకి, సంగీతానికి, నాట్యానికి అండగా ఉండాలన్నది కూడా ఆ నియమాల్లోనే ఉంది. ఇంత బాహాటంగా ఒక జాతి పేరు మీద నడిచే సంస్థలో గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన కుటుంబానికి చోటెక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్న. నేను చెప్పేది ఇదీ: ఆ సంస్థ కాగితం మీద జాతి గురించి మాట్లాడినా, నేల మీద మాత్రం ఊరి లెక్కన నడుస్తుంది. ఆ లెక్కలో మనకి చోటుంది. కాకపోతే ఫీజు కట్టినంత మాత్రాన ఆ చోటు మనదైపోదు.

క్రికెట్‌తో పాత గొడవ

క్రికెట్‌లో వెయ్యమన్న ఆ సలహా వెనక ఈ దేశపు పాత కథ ఒకటుంది. 19వ శతాబ్దంలో ఐర్లండ్ పల్లెల్లో క్రికెట్ బాగా ఆడేవారు. ఇవాళ హర్లింగ్‌కి పట్టుగొమ్మలైన టిప్పరరీ, కిల్‌కెన్నీ కౌంటీల్లో కూడా. జాతీయోద్యమ నాయకుడు పార్నెల్ స్వయంగా క్రికెట్ ఆటగాడు. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని హేయిస్ హోటల్లో జీఏఏకి ప్రాణం పోసిన మైకల్ క్యూసాక్ కూడా అంతకుముందు క్రికెట్, రగ్బీ ఆడినవాడే. ఆటల పోటీలన్నీ పెద్దమనుషుల చేతుల్లో, ఇంగ్లిషు నియమాల కింద నడుస్తున్న రోజులవి. వారమంతా పొలంలోనో కొట్లోనో పనిచేసి ఆదివారం మాత్రమే తీరిక దొరికే మనిషికి ఆ పోటీల్లో చోటు లేదు. కొత్త సంఘం ఆదివారం ఆటలు పెట్టింది. పొద్దున్నే చర్చికి వెళ్ళొచ్చిన ఊరే మధ్యాహ్నం మైదానానికి వచ్చింది. చర్చి పరిధిలోని పారిషే టీముకి పరిధి అయింది. జీఏఏ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే నిర్ణయాలు ఈ రెండే. మిగతావన్నీ వీటి వెనకాలే వచ్చాయి.

తర్వాత కొన్నేళ్ళకి నిషేధం వచ్చింది. రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్ విదేశీ ఆటలనీ, వాటిని ఆడినా చూసినా సభ్యత్వం పోతుందనీ నియమం పెట్టారు. ఎవరు ఏ మ్యాచ్‌కి వెళ్ళారో కనిపెట్టడానికి నిఘా కమిటీలు కూడా ఉండేవి. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ పోలండ్‌తో జరిగిన సాకర్ మ్యాచ్ చూడటానికి వెళ్ళాడని, ఆయన్ని జీఏఏ పోషకుడి హోదా నుంచి తీసేశారు. ఆ హైడ్ ఎవరో కాదు, ఐరిష్ భాషని బతికించడానికి 1893లో గేలిక్ లీగ్ స్థాపించినవాళ్ళలో ఒకడు. భాష కోసం ఆయన చేసినంత చేసినవాళ్ళు అరుదు. అలాంటి మనిషిని ఒక మధ్యాహ్నం సాకర్ చూసినందుకు పక్కన పెట్టారు. ఆ నియమం 1971 దాకా ఉంది.

ఈ నిషేధాన్ని నేను సమర్థించలేను. అది లేకపోతే హర్లింగ్ మిగిలేదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు, అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. పక్కనే అంత పెద్ద దేశం, దాని పత్రికలు, దాని లీగులు, దాని డబ్బు ఉండగా చిన్న దేశపు ఆట గోడ కట్టుకోకుండా నిలబడేదా? ఏమో. కానీ గోడ తీసేసి 50 ఏళ్ళు దాటింది, ఆటలు ఎక్కడికీ పోలేదు. 2018లో యునెస్కో హర్లింగ్‌ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ ఒకే పిల్లవాడు శనివారం హర్లీ కర్ర, ఆదివారం సాకర్ బంతి పట్టుకుని తిరుగుతాడు. మా అమ్మాయి పొద్దున కమోగీ ఆడొచ్చి మధ్యాహ్నం వాళ్ళ నాన్నతో కూర్చుని ఐపీఎల్ చూస్తుంది. ఆమెకి ఆ రెంటి మధ్య ఏ గొడవా కనపడదు. క్రికెట్ ఆడించొద్దని నేను అనడం లేదు. "మనవాళ్ళుంటారు" అన్న ఒక్క కారణంతో ఆడించడం మీదే నా అభ్యంతరం. ఒకప్పుడు వాళ్ళు కట్టి, తర్వాత వాళ్ళే తీసేసిన గోడని ఈ వైపు నుంచి మనం మళ్ళీ కట్టడం ఎందుకు?

టిప్పరరీ వాళ్ళిద్దరు

డబ్లిన్‌లో జీఏఏ ప్రధాన మైదానమైన క్రోక్ పార్క్‌కి మొదటిసారి వెళ్ళిన తెలుగువాళ్ళకి 82,300 మంది పట్టే ఆ స్టేడియం ముందు కళ్ళల్లో పడుతుంది. అందులో ఒక స్టాండ్‌కి మైకల్ హోగన్ పేరు పెట్టారు. 1920 నవంబరు 21 ఆదివారం పొద్దున ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకల్ కాలిన్స్ మనుషులు నగరంలో బ్రిటిష్ గూఢచారులను చంపారు. ఆ మధ్యాహ్నం డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య గేలిక్ ఫుట్‌బాల్ (సాకర్ వేరు) మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు పిల్లలు. ఒకరు మైదానంలో ఆడుతున్న హోగన్, టిప్పరరీ కౌంటీలోని గ్రేంజ్‌మాక్లర్ కుర్రాడు.

గుమిగూడిన జనం మీద కాల్పులనగానే మనకి జలియన్‌వాలాబాగ్ గుర్తొస్తుంది. అది 1919 ఏప్రిల్ 13న, దీనికి ఏడాదిన్నర ముందు. అప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండి డయ్యర్‌ని వెనకేసుకొచ్చిన మైకల్ ఓడ్వయర్ ఐరిష్ వాడు. పుట్టింది టిప్పరరీలోనే. 1940లో లండన్‌లో ఉధమ్ సింగ్ కాల్చి చంపింది ఆయన్నే.

పేరు ఒకటే, కౌంటీ ఒకటే. ఒక మైకల్ సామ్రాజ్యం పక్కన నిలబడ్డాడు, ఇంకో మైకల్ దాని తూటాకి పడిపోయాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి "వాళ్ళు", "మనం" అంటూ పుట్టుకని బట్టి గీసే గీత మీద నాకు నమ్మకం తగ్గింది. క్రోక్ పార్క్ చెప్పే కథ మనకి పరాయిది కాదు. మన పిల్లలకి అది అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్ళం మనమే, ఎందుకంటే రెండు వైపుల కథా మనకి తెలుసు.

ఆ మైదానం మారుతూనే ఉంది. విదేశీ ఆటలని అక్కడ ఆడనివ్వకూడదన్న నియమాన్ని సభ్యులు ఎన్నో ఏళ్ళు వాదించుకుని 2005లో ఓటు వేసి సడలించారు. 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ జట్టు అక్కడికి వచ్చింది. హోగన్ చనిపోయిన చోట బ్రిటిష్ జాతీయగీతం వినిపిస్తే ఏం జరుగుతుందోనని దేశమంతా టెన్షన్ పడింది. జనం మర్యాదగా విన్నారు. తర్వాత ఐర్లండ్ 43-13 తేడాతో గెలిచింది. 2020 జూలై 31న, కరోనా వల్ల మసీదుల్లో దూరం పాటించే వీలు లేక, ముస్లింలు క్రోక్ పార్క్ పచ్చికలో బక్రీద్ నమాజు చేసుకున్నారు. ఒక కేథలిక్ ఆర్చ్‌బిషప్ పేరు పెట్టుకున్న మైదానం అది. జాతి స్వభావం మారదని వాదించేవాళ్ళకి నేను ఈ రెండు రోజులూ చూపిస్తాను.

ఏ ఎస్టేట్‌లో ఉంటారు?

మా అమ్మాయిని క్లబ్బులో చేర్చిన రోజు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నారు. ఈ దేశంలో కొత్తగా పరిచయమైన ఎవరైనా సాధారణంగా నన్ను ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. ఆయన "ఏ ఎస్టేట్‌లో (ఇళ్ళ కాలనీలో) ఉంటారమ్మా" అని అడిగారు. చెప్పాను. పాప ఏ బడికి వెళ్తుందో అడిగి, అయితే ఫలానా గుంపులో వెయ్యాలని రాసుకున్నారు. ఇంకేం అడగలేదు.

జీఏఏలో మనిషికి ఉన్న చిరునామా అదే, ఎక్కడ ఉంటావన్నది. పల్లెల్లో పారిష్ హద్దు దాటి పక్క క్లబ్బుకి ఆడటం పెద్ద తప్పు. ఆ పైన కౌంటీ. ఆటగాడు ఎంత గొప్పవాడైనా అతన్ని కొనుక్కోలేరు, జీతం లేదు. ఈ తరంలో మేటి ఫుట్‌బాల్ ఆటగాడని చాలామంది అనే డేవిడ్ క్లిఫర్డ్ కెర్రీలో బడి పంతులు. కెర్రీ జట్టుతో దేశమంతా చూసే ఫైనల్ ఆడతాడు, మళ్ళీ తన చిన్న ఊరు ఫోసాకి వెళ్ళి వాళ్ళ క్లబ్బుకి ఆడతాడు. 2023 జనవరిలో ఆ ఊరికి అఖిల ఐర్లండ్ జూనియర్ క్లబ్ కప్పు తెచ్చిపెట్టింది అతనూ, అతని అన్న పాడీ ఉన్న జట్టే. మన తెలుగు టైటాన్స్‌తో పోల్చి చూడండి. కబడ్డీ మన ఊళ్ళ ఆట, సందేహం లేదు. కానీ ఆ జెర్సీలో కూతకి వెళ్ళేవాళ్ళు వేలంలో వచ్చినవాళ్ళు, పై ఏడాది ఇంకో నగరానికి వెళ్ళిపోతారు. మనం పేరుని చూసి చప్పట్లు కొడతాం. ఫోసా వాళ్ళు పక్కింటి కుర్రాడిని చూసి కొడతారు.

జీతాలు లేవు కాబట్టి మిగతా పని కూడా జీతం లేకుండానే జరగాలి. పిచ్ మీద గీతలు వెయ్యడం, వలలు కట్టడం, జెర్సీలు ఉతకడం, టీ కాయడం, లాటరీ టికెట్లు అమ్మడం, గేటు దగ్గర కార్లు చూసుకోవడం. కరోనా మొదటి వారాల్లో గడప దాటలేని ముసలివాళ్ళకి సరుకులు, మందులు చేర్చింది చాలాచోట్ల ఈ క్లబ్బులే. ఎవరైనా పోతే శవయాత్ర వెంట రెండు వరసల్లో జెర్సీలు వేసుకుని నిలబడేదీ వాళ్ళే. ఐరిష్ అస్తిత్వం అంటే ఏమిటని నన్నడిగితే జెండా కన్నా ముందు నాకు ఇది గుర్తొస్తుంది. పాత జాతీయవాద ఉపన్యాసాలన్నిటికంటే ఈ చాకిరీయే వాళ్ళని ఒకటిగా ఉంచిందని నా నమ్మకం.

పుట్టుక వేరైనా ఇక్కడి ఊరితో ఒకటైనవాళ్ళు ఉన్నారు. షాన్ ఓగ్ ఓ హాల్పిన్ తల్లిది ఫిజీలోని రొటుమా దీవి. పసితనంలో ఆస్ట్రేలియాలో పెరిగి కార్క్ వచ్చాడు. 2005లో హర్లింగ్ కప్పు అందుకున్న కార్క్ కెప్టెన్ అతనే, మైకు ముందు ఐరిష్‌లో మాట్లాడాడు. జాక్ మొరాది ఇరాక్‌లో కుర్దు శరణార్థుల బిడ్డ. 11 ఏళ్ళప్పుడు లీట్రిమ్‌కి వచ్చి, 2019లో అదే కౌంటీ హర్లింగ్ జట్టుతో క్రోక్ పార్క్‌లో కప్పు గెలిచాడు. పాకిస్తాన్‌లో పుట్టిన షెయిరోజ్ అక్రమ్ 2016లో మేయో అండర్-21 జట్టుతో అఖిల ఐర్లండ్ పతకం సంపాదించాడు.

ఇక్కడితో ఆపితే అందమైన పోస్టరు తయారవుతుంది, కానీ కథలో సగమే అవుతుంది. 1995లో డబ్లిన్ గెలిచినప్పుడు ఊరంతా నెత్తిన పెట్టుకున్న జేసన్ షెర్లాక్ ఆసియా రూపురేఖల వల్ల మైదానంలోనే తిట్లు తిన్నాడు. వెక్స్‌ఫర్డ్ హర్లర్ లీ చిన్ తన మీద పడిన జాత్యహంకారపు మాటల గురించి బయటికి చెప్పాడు. గొప్పగా ఆడేవాళ్ళకే ఇలా అయితే బెంచీ మీద కూర్చునే మన పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్న నన్ను వదలదు. నేను చెప్పగలిగింది ఇంతే. వీధిలో తిట్టినవాడు ఎవడో తెలియదు, మళ్ళీ కనపడడు. క్లబ్బులో తిట్టినవాడికి పేరుంది, తల్లి ఉంది, కోచ్ ఉన్నాడు, వచ్చే శనివారం మళ్ళీ రావాలి. ఫిర్యాదు చెయ్యడానికి ఒక మనిషి ఉన్న చోటు, లేని చోటుకన్నా నయం.

అమ్మాయిల మాట

చాలాకాలం జీఏఏ ఊరు అన్నప్పుడు ఆ ఊళ్ళో మగవాళ్ళే ఉండేవారు. కమోగీ సంఘం 1904లో విడిగా మొదలైంది, మహిళల ఫుట్‌బాల్ సంఘం 1974లో. ఇప్పటికీ మూడూ వేర్వేరు సంస్థలే. మైదానం దొరకడంలో, ఫిజియో దొరకడంలో, ప్రయాణపు ఖర్చుల్లో ఆ తేడా తెలుస్తుంది. మాజీ దేశాధ్యక్షురాలు మేరీ మకలీస్ అధ్యక్షతన మూడింటినీ 2027 నాటికి కలిపే ప్రయత్నం నడుస్తోంది.

2025 మేలో కమోగీ ఆటగత్తెలు ఒక సెమీఫైనల్‌కి ముందు షార్ట్స్ వేసుకుని మైదానంలోకి వచ్చారు. నియమం ప్రకారం స్కర్టులాంటి స్కార్ట్ వేసుకోవాలి, అది పరుగుకి అడ్డమని ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నారు. వెళ్ళి మార్చుకు రమ్మన్నారు. మార్చుకుని ఆడారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. అదే నెలలో ప్రత్యేక సమావేశం పెట్టి నియమం మార్చేశారు. మా అమ్మాయి ఇది టీవీలో చూసి, "వాళ్ళు అడిగితే మార్చారా?" అంది. వాళ్ళు అంతకుముందు కూడా అడిగారని, అప్పుడు ఓటింగ్‌లో ఓడిపోయారని చెప్పాను. ఒక పాత సంస్థ లోపల నిలబడి దాన్ని ఎలా మారుస్తారో ఆ వయసులో చూడటం మంచిదే.

భాష దగ్గర నా అసంతృప్తి

జీఏఏ ఐరిష్ భాషని కాపాడుతోందని తరచూ వింటాం. నాకు అంత నమ్మకం లేదు. జట్ల జాబితాలు ఐరిష్‌లో రాసిస్తారు. కప్పు అందుకున్న కెప్టెన్ నాలుగు ముక్కలు ఐరిష్‌లో మొదలుపెట్టి, ఊపిరి పీల్చుకుని ఇంగ్లిషులోకి దిగుతాడు. క్లబ్బుల పేర్లు, నినాదాలు, గోడ మీద బోర్డు, అన్నీ ఐరిష్‌లో. కోచ్ మాత్రం పరిగెత్తమని ఇంగ్లిషులోనే అరుస్తాడు. 2022 జనగణనలో దాదాపు 18.7 లక్షల మంది తమకి ఐరిష్ వచ్చన్నారు. బడి బయట రోజూ మాట్లాడేది 71,968 మందే.

ఈ అంకెలు చూస్తే నాకు మన ఉగాది వేడుకలు గుర్తొస్తాయి. వేదిక మీద పిల్లలు పద్యం చక్కగా అప్పజెప్తారు, దిగగానే వెనక వరసలో ఇంగ్లిషు. తల్లిదండ్రులమైన మనం కూడా వాళ్ళతో ఇంగ్లిషే. వేడుక రోజున గౌరవించినంత మాత్రాన భాష నిలవదు, దానితో రోజూ చేసే పని ఏదో ఉండాలి. జీఏఏలోనే దీనికి రుజువు ఉంది. భాష నిజంగా బతికి ఉన్న గేల్టక్ట్ ప్రాంతాల్లో క్లబ్బు కూడా ఐరిష్‌లోనే నడుస్తుంది. ఆ నేల నుంచి వచ్చిన డారా ఓ కినేడె 2004లో కెర్రీ కెప్టెన్‌గా కప్పు అందుకుని మొత్తం ఐరిష్‌లోనే మాట్లాడాడు. డింగిల్ దగ్గర పుట్టిన మీహాల్ ఓ మురహర్తిగ్ 1949లో ఐరిష్‌లో మొదలుపెట్టిన రేడియో వ్యాఖ్యానం రెండు భాషల్లో 2010 దాకా సాగింది. ఆయన 2024లో పోయినప్పుడు ఐరిష్ రానివాళ్ళు కూడా ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు. టీజీ4 చానెల్లో క్లబ్ మ్యాచులు ఐరిష్ వ్యాఖ్యానంతో వస్తాయి, అర్థం కాకపోయినా జనం చూస్తారు, కొన్ని మాటలు అలా చెవిన పడి నిలిచిపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది డబ్లిన్‌లోనే ఉన్న నా గెయిల్ ఓగ క్లబ్బు. 2010లో పెట్టారు. అక్కడ ఆట, శిక్షణ, మెసేజులు అన్నీ ఐరిష్‌లోనే. బంతి కావాలంటే ఆ భాషలో అడగాలి. నగరం మధ్యలో, ఇంగ్లిషు సముద్రంలో, ఎవరూ బలవంతం చెయ్యకుండా యువకులు ఈ పని పెట్టుకున్నారు. జీఏఏకి భాష మీద నిజంగా ప్రేమ ఉంటే బోర్డులు తగ్గించి ఇలాంటి క్లబ్బులకి మైదానాలు ఇవ్వాలి.

మన వైపు కూడా ఒక మాట. కొంచెం పెద్ద వయసులో ఈ దేశానికి వచ్చిన పిల్లలకి బడిలో ఐరిష్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మన ఇళ్ళల్లో దాన్ని పండగలా చేసుకుంటాం. 13 ఏళ్ళ పిల్ల తెలుగు, హిందీ, ఇంగ్లిషు మోస్తూ వచ్చినప్పుడు ఇంకో భాష బరువేనన్నది నిజం, అందరికీ ఒకే సలహా చెప్పలేను. కానీ చిన్నప్పుడే వచ్చిన పిల్లలకి ఆ తరగతిని ఎలాగైనా తప్పించే దారులు వెతకడం నాకు బాధగా ఉంటుంది. సొంత భాష చేజారుతుందన్న భయం తెలిసినవాళ్ళం మనం. ఇంకొకరి భాషకి అదే జరుగుతుంటే పట్టనట్టు ఎలా ఉంటాం?

ఉత్తరాన

నేను దక్షిణాన ఉంటాను, ఉత్తర ఐర్లండ్ గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయినా అది వదిలేస్తే ఈ వాదన నిజాయితీగా ఉండదు. అక్కడ జీఏఏ జెర్సీ వేసుకోవడమే కేథలిక్, ప్రొటెస్టంట్ వర్గాల్లో మనది ఏ వర్గమో చాటడం. 1997లో బెలాహీ క్లబ్బు చైర్మన్ షాన్ బ్రౌన్‌ని రాత్రి క్లబ్బు గేటు తాళం వేస్తుండగా బ్రిటన్ అనుకూల సాయుధులు ఎత్తుకెళ్ళి చంపారు. ఇంకో పక్క, బ్రిటిష్ సైన్యంలో, ఉత్తరాది పోలీసుల్లో పనిచేసేవాళ్ళని సభ్యులుగా తీసుకోకూడదన్న నియమం 2001 దాకా జీఏఏలో ఉంది. ఊరి లెక్కన నడుస్తుందని నేను అన్నది అక్కడ సగం ఊరికే వర్తించింది. 2020లో ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉండే తూర్పు బెల్‌ఫాస్ట్‌లో ఒక కొత్త క్లబ్బు పుట్టింది. దాని చిహ్నం మీద ఇంగ్లిషు, ఐరిష్, ఉత్తరాదిలో కొందరు మాట్లాడే అల్‌స్టర్ స్కాట్స్ మూడూ ఉంటాయి. బాంబు బెదిరింపులు వచ్చాయి, ఆగకుండా ఆడుతున్నారు. నా వాదనకి నిజమైన పరీక్ష అక్కడ జరుగుతోంది, డబ్లిన్ శివార్లలో కాదు.

మన వంతు

మన పిల్లలు చాలామంది ఇప్పటికే క్లబ్బుల్లో ఉన్నారు. సమస్య మన దగ్గర, పెద్దవాళ్ళ దగ్గర ఉంది. మనం క్లబ్బుని కోచింగ్ సెంటర్‌లా చూస్తాం. ఫీజు కట్టాం, దింపాం, గంట తర్వాత ఎక్కించుకున్నాం. ఆ గంట కారులో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. క్లబ్బు గ్రూపులో "శనివారం టీకి ఇద్దరు కావాలి, గీత దగ్గర జెండా పట్టుకోవడానికి ఒకరు కావాలి" అని మెసేజ్ వస్తే చూసి ఊరుకుంటాం. ఎవరూ మనల్ని నిష్ఠూరమాడరు, అది వాళ్ళ మర్యాద. కానీ గేటు దగ్గర వానలో నిలబడిన తండ్రి మన కారు వైపు చూసేటప్పుడు అతనికి మనం ఎవరం? సేవ కొనుక్కున్నవాళ్ళం. కలుపుకోరని అనే ముందు, కలవడానికి అక్కడ ఉన్న దారి ఏదో చూడాలి. ఆ దారి టీ కెటిల్ దగ్గర ఉంది, మైదానంలో కన్నా ఎక్కువగా.

దీనికి ఎదురు మాటలు నాకు తెలుసు. మనలో చాలామందివి హాస్పిటల్ షిఫ్టులు, అర్ధరాత్రి కాల్స్. తాతయ్యలు, అమ్మమ్మలు ఇక్కడ లేరు, రెండో బిడ్డని చూసే దిక్కు లేదు. ఇక్కడి కుటుంబాలకి మూడు తరాలు ఆ పారిష్‌లోనే ఉండటం వల్ల వచ్చే వెసులుబాటు మనకి లేదు.

ఇంకొకటి దీనికన్నా బరువైంది. ఊరి లెక్క అంటే ఊళ్ళో ఉండగలగాలి. డబ్లిన్ అద్దెలతో మనవాళ్ళెందరో రెండు మూడేళ్ళకోసారి ఇల్లు మారుతున్నారు. ఇంటి ఓనరు అమ్ముకుంటానంటే పక్క ఊరు, దాంతో కొత్త బడి, కొత్త క్లబ్బు, ట్రాన్స్‌ఫర్ కాగితం. పిల్లకి స్నేహాలు కుదిరే వేళకి మళ్ళీ సామాను సర్దడం. ఇది మన ఒక్కరి కష్టం కాదు, సొంత ఊళ్ళో ఇల్లు దొరక్క ఆస్ట్రేలియా వెళ్ళిపోయే ఐరిష్ ఆటగాళ్ళదీ ఇదే. పడమటి తీరంలో రెండు మూడు పారిష్‌లు కలిస్తే గాని 15 మంది దొరకని చోట్లున్నాయి, డబ్లిన్ శివార్లలోనేమో పిల్లలు ఎక్కువై మైదానాలు చాలవు. పారిష్ అన్న పునాది రెండు వైపుల నుంచీ నలుగుతోంది. ఇళ్ళ సమస్య తీరకపోతే నేను ఇంతసేపు మెచ్చుకున్న ఊరి లెక్క ఎన్నాళ్ళు నిలబడుతుందో నాకు అనుమానమే. దానికి జీఏఏ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

అయినా ఉన్నన్నాళ్ళు ఉన్న చోట చెయ్యగలిగింది ఉంది. మొదటి మెట్టు కోచింగ్ కోర్సుకి ఆట వచ్చి ఉండనక్కర్లేదు, హర్లీ ఎప్పుడూ పట్టనివాళ్ళు కూడా అండర్-8 పిల్లలతో పనిచెయ్యగలరు. పిల్లలతో పని కాబట్టి పోలీసు తనిఖీ, గార్డా వెట్టింగ్, తప్పనిసరి. అందులో ఇంతకుముందు ఉన్న ఇళ్ళ చిరునామాలన్నీ రాయాలి, ఇండియాలోవి కూడా. మనకి ఆ జాబితా పొడుగు, కాగితాలు తిరిగి రావడానికి సమయం పడుతుంది. కొత్త సీజన్‌కి పిల్లల్ని చేర్చేటప్పుడే ఆ ఫారం కూడా అడిగి తీసుకోండి. మా క్లబ్బులో అండర్-8 అమ్మాయిలకి ఇద్దరు పెద్దవాళ్ళు తక్కువగా ఉన్నారు. శనివారం పొద్దున గంటన్నర పని. ఫారం నింపడంలో సాయం కావాలంటే నన్నడగండి.